ఏఈ గారి ‘ఇమ్మీడియట్లీ’, ఎల్లవ్వ మంగళవారం

అది మంగళవారం, ఉదయం పదీ పది. మేడ్చల్ వైపు ఒక కరెంటు సెక్షన్ ఆఫీసులో నేను లైన్ ఇన్‌స్పెక్టర్‌ని. రిటైర్మెంటుకు ఇంకా ఏడాది ఉంది. స్తంభాలు మోసే కూలీగా చేరి, ముప్పై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ని. అందుకే ఏ కాగితమైనా ఇప్పటికీ పై నుంచి కింది దాకా మెల్లగా చదువుతాను.

‘ఇమ్మీడియట్లీ’ అనే ఇంగ్లీషు మాటకు అర్థం ‘వెంటనే’. నేను చేరిన రోజుల్లో తీగ తెగిపడితేనే ఆ మాట రాసేవారు. చూడగానే నిచ్చెన భుజానికెత్తేవాళ్లం. తర్వాత మీటర్ల జాబితాకూ అదే, జెండా పండుగ మిఠాయిలకూ అదే. చివరికి మా సెక్షన్‌లో ఒక పద్ధతి స్థిరపడింది. ఆ మాట ఎర్ర సిరాతో రాసి కింద రెండు గీతలు కొడితే ఇవాళ, ఒక గీతయితే ఈ వారం, ఉత్త నీలం సిరా అయితే ట్రేలోకి. ఇది ఎవరూ ఆదేశించలేదు, అందరూ పాటించారు.

ఆ ఉదయం ట్రే అడుగున గౌడవెల్లి ఎల్లవ్వ అర్జీ కనబడింది. ఆమె వరి మడిలో పదకొండు కేవీ తీగ బాగా కిందికి జారింది. అర్జీ మూలన కొత్త ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ప్రసాద్ గారు ‘ఇమ్మీడియట్లీ’ అని నీలం సిరాతో రాశారు. ఆయన కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి తూంకుంటలో ఉంటున్నారు. మా గీతల సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. అర్జీ చివరి వరుసలో ‘మంగళవారం పొద్దున కోత మిషన్ వస్తది’ అని ఉంది.

చెప్పులేసుకుంటూనే గుమాస్తా నర్సింలును అడిగాను.

“గీతల్లేవు గదనే అన్నా, జల్దీ ఏముందిలే అనుకున్న” అన్నాడు.

“గీతలు గాదురా, గా కింద రాసింది సదివినవా?” అంటే అర్జీ చివరి వరుస మీదికి వంగాడు.

ఏఈ గారేమో, “వెంటనే అని రాశాక ఇంకేం రాయాలండీ?” అన్నారు. నేను అప్పటికే ఫోన్ కలుపుతున్నాను.

సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకున్నాను. అంటే ఆ లైనులో కరెంటు ఆపామని, పని చేసుకోవచ్చని ఆపరేటర్ ఇచ్చే అనుమతి. లైన్‌మన్ యాదగిరితో వెళ్లేసరికి మిషన్ గట్టు దగ్గర ఆగి ఉంది. ఎల్లవ్వ దాని ముందే కూర్చుంది.

“ఈ అవ్వ పొద్దటిసంది జరుగుతలేదు సారు, మస్తు పరేషాన్ జేస్తాంది” అన్నాడు డ్రైవర్ బాలయ్య.

“అర్జీ ఇచ్చిన్నాడు ఎంటనే అంటిరి. గిదేనా మీ ఎంటనే?” అంది ఎల్లవ్వ నాతో. “నేను జరిగితే మిషన్ తీగకు తాకుతది, ఇగ గీ పోరని పీనుగ మోద్దురు.”

తీగ బిగించాకే లేచింది.

తర్వాత నేను ఏ కాగితం మీదా ఆ మాట రాయలేదు. రోజు, గంట, వెళ్లే మనిషి పేరు రాశాను. తొందర ఎంతో చెప్పేది ఏఈ రాసే మాట కాదు, అర్జీదారు రాసిన చివరి వరుస.

ఆ రోజు ఉన్నవాళ్లు: ఆఫీసులో ప్రసాద్ గారు, నర్సింలు, మడి దగ్గర ఎల్లవ్వ, బాలయ్య, యాదగిరి, లింగయ్య అనే నేను.