సుధాకర్ సార్ ఇచ్చిన మాట

భద్రాచలంలో మా హోటల్ లాండ్రీ గది తలుపు తీస్తే ఇస్త్రీ చేసిన దుప్పట్ల వెచ్చని వాసన వస్తుంది. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు సుధాకర్ సార్ గుర్తొస్తారు. ఖమ్మంలో నేను మొదట ఉద్యోగం చేసిన హోటల్‌కు ఆయన జనరల్ మేనేజర్. రోజూ పొద్దున ఏదో ఒక గదిలోకి వెళ్లి దుప్పటి కొస పట్టుకుని వాసన చూసేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. సాయంత్రమైతే రిసెప్షన్ ఫోన్ నుంచి, అందరూ వింటుండగానే, ఇంటికి ఫోన్ చేసి ఏం కూర వండారో అడిగేవారు. క్యాబిన్‌లోంచి మాట్లాడుకోవచ్చు కదా సార్ అంటే, "ఇల్లు మంచిగుందని తెలిస్తెనే నా మొఖం మంచిగుంటది. రోజంతా మీరు చూసేది గీ మొఖమే కదా" అనేవారు.

నేను రిసెప్షన్‌లో చేరిన కొత్తలో మా ఊరాయన ఒకరు నన్ను కౌంటర్‌లో చూసి వెళ్లాడు. మాది దమ్మపేట దగ్గర వ్యవసాయ కుటుంబం. మా వైపు హోటల్ ఎంత పెద్దదైనా లాడ్జీయే. ఆడపిల్ల లాడ్జీలో కూర్చుంటోందన్న మాటను జనం గొంతు తగ్గించి చెప్పుకుంటారు. మర్నాడే నాన్న వచ్చేశారు. కోప్పడలేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది.

"బట్టలు సర్దుకో బిడ్డా, ఇంటికి పోదాం."

పోతే మళ్లీ రానని నాకు తెలుసు. అంతలో సార్ బయటికి వచ్చి సంగతి విన్నారు. "అన్నా, బిడ్డ మీది. తీస్కపోతనంటే ఆపెటోణ్ణి కాదు. ఇయ్యాల మా గెస్టుగా ఉండి, రేపు తీస్కపోండి" అని, రూమ్ ఇమ్మని నాకు చెప్పారు. అలవాటు కొద్దీ నేను గుర్తింపు కార్డు అడిగాను.

"నేనెవరో ఎరుకలేదా నీకు?" అన్నారు నాన్న.

"ఎరుకే నాన్నా. అయినా అడగాలె."

జేబులోంచి ఓటరు కార్డు తీసి ఇస్తూ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. గదికి మాత్రం వెంటనే వెళ్లలేదు. లాబీలో సోఫా అంచున కూర్చున్నారు. మధ్యాహ్నం ఒకాయన ఏ కార్డూ లేకుండా రూమ్ కావాలని కౌంటర్ గుద్దాడు. నాన్న సగం లేచారు. సార్ కూడా వచ్చారు కానీ నా వెనకే నిలబడిపోయారు. నేను కుదరదన్నాను. అతను సార్ వైపు తిరిగాడు.

"మేడం చెప్పిందే మాట" అన్నారు సార్. అతను గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. నాన్న మెల్లగా కూర్చున్నారు.

ఆ సాయంత్రం సార్ భార్య, ఇద్దరు కూతుళ్లు భోజనానికి హోటల్‌కే వచ్చారు. పెద్దమ్మాయి అప్పుడు ఇంటర్. సార్ నాన్నను కూడా వాళ్లతోనే కూర్చోబెట్టారు. నాన్న ముద్ద ముట్టకుండానే అడిగేశారు.

"సారూ, ఏమనుకోకుండ్రి. మీ పెద్దబిడ్డను గా కౌంటర్ల కూసోబెడ్తరా?"

వడ్డిస్తున్న సార్ భార్య చెయ్యి ఆగిపోయింది. నేను గుమ్మం దగ్గరే ఆగి విన్నాను. సార్ మంచినీళ్ల గ్లాసు ఎత్తి, తాగకుండానే దించారు.

"కూసోబెడ్త అన్నా. హోటల్ కోర్సే చదివిస్త. భయం లేదా అంటె ఉన్నది. గందుకే ఈ హోటల్‌ను నా బిడ్డ పనిచేసే జాగ లెక్క నడపాలె."

నాన్న కంచం దగ్గరికి లాక్కున్నారు. మర్నాడు తాళంచెవి నా చేతికిస్తూ, "మీ అమ్మకు నేను చెప్త. నువ్వు టైముకు తిను" అని ఒక్కరే బస్టాండుకు వెళ్లిపోయారు. హమ్మయ్య అనుకుని, లాండ్రీ గదిలో దుప్పట్ల మధ్య కూర్చుని తనివితీరా ఏడ్చాను.

సార్ రిటైరయ్యాక, ఈ మధ్యే, అందరితో కలిసి భోంచేసి పడుకుని నిద్రలోనే పోయారు. బాధపడకుండా పోయారని మనసు కుదుటపడింది. పెద్దకర్మ నాడు పెద్దమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. ఇప్పుడు తనూ హైదరాబాద్‌లో ఒక హోటల్‌కు మేనేజర్.

"అక్కా, నీకు తెల్వదేమో. మీ నాన్న వచ్చిన దినం దాకా నన్ను ఆ కోర్సుకు పంపనే పంపనన్నడు మా నాన్న. ఇంట్ల రోజూ లొల్లే. మీ నాన్న ముందట నోరు జారిండు. ఇగ మాట తప్పలేకపాయె. ఇంటికి పోయినంక అమ్మ ఒకటే నవ్వుడు."

చావింట్లో అని కూడా చూడకుండా ఫక్కున నవ్వేశాను. ఆయనకున్న ధైర్యం నాకు లేదని ఇన్నేళ్లూ లోలోపల చిన్నబోయేదాన్ని. ఆయనకూ లేదట. ముందు మాట ఇచ్చేసి, ధైర్యం తర్వాత కూడగట్టుకున్నారట. గుండెల మీది బరువు దిగినట్టయింది.

మొన్న మా అమ్మాయి ఫారెస్టు ఉద్యోగానికి పరీక్ష రాస్తానంది. ఒంటరిగా అడవిలో డ్యూటీ అనగానే నా గుండె గుభేలుమంది. రాయమన్నాను.