ఐస్‌క్రీమ్ డబ్బాలో బద్దెపురుగు తల

పామర్‌స్టన్ నార్త్‌లోని ఒక ల్యాబ్‌లో నన్ను పరాన్నజీవుల విభాగానికి సీనియర్ సైంటిస్టుగా వేసిన ఏడాది, అక్కడ చలికాలమైన జూలైలో జరిగిన సంగతి ఇది. మా పని మలపరీక్షలు. నలుగురిలో చెప్పుకునే ఉద్యోగం కాదు గానీ, నేను గర్వంగానే చేశాను.

ఒక ఉదయం కౌంటర్‌లో పనిచేసే నెల్లూరమ్మాయి శ్రావణి, రెండు లీటర్ల ఐస్‌క్రీమ్ డబ్బా ముక్కుకు దూరంగా పట్టుకుని వచ్చింది.

"ఆంటీ, ఇది మన కంటైనర్ కాదు. రిజెక్ట్ చేసేస్తున్నా."

నిబంధన ప్రకారం ఆమె మాటే సరి. అయినా తెచ్చినావిడను ఒకసారి అడిగి వస్తానన్నాను.

ఆవిడ ఆల్మాజ్. ఇథియోపియా మనిషి, ఒక వృద్ధాశ్రమంలో వంట చేస్తుంది. వారం కిందట ఆమె నమూనాలో బద్దెపురుగు గుడ్లు కనబడ్డాయి. పురుగు గొడ్డుమాంసం రకమో పందిమాంసం రకమో గుడ్లను చూసి చెప్పలేం. రెండోదైతే ఆ గుడ్లు ఇతరులకూ ప్రమాదం. అందుకే ఆమెను వంటింట్లోకి రావద్దన్నారు. పురుగు పడిపోయినా తల దొరక్కపోతే మూడు నెలలు ఆగి మళ్లీ పరీక్షించాలి, ఎందుకంటే తల మిగిలితే పురుగు మళ్లీ పెరుగుతుంది. అన్నాళ్లు ఆమె కోసం ఉద్యోగం ఖాళీగా ఉంచరు.

డాక్టరు మందు రాసేలోపే ఆమె తమ దేశపు ఎంకోకో గింజలు దంచి తాగేసింది. ఆ తర్వాత పడినదంతా ఆ డబ్బాలో పట్టి తెచ్చింది. మిగిలిన గింజలు చూపించింది. అవి ఎయిర్‌పోర్టులో బయోసెక్యూరిటీ తనిఖీని ఎలా దాటాయో నేను అడగలేదు. మా నాయనమ్మ నులిపురుగులకు నూరి తాగించిన వాయువిడంగాలకు చుట్టాలే అవి. ఆ ఘాటు నా నాలుక ఇంకా మరిచిపోలేదు.

ఇంత ఎందుకు తెచ్చావని అడిగితే, తల కనబడేదాకా ఏదీ పారేయకూడదని వాళ్లమ్మ చెప్పిందట.

మా పుస్తకాల్లో ఉన్నదీ అదే. తల గుండుసూది తలంత ఉంటుంది. మా సీసాలో పట్టేది చెంచాడు. ఆ చెంచాడు తప్ప తీసుకోకూడదని నిబంధన రాసిన మహానుభావురాలిని నేనే. నా మీద నాకే ఒళ్లు మండింది.

జల్లెడలో నీళ్లు పోస్తూ, నల్ల ట్రేలో పరిచి, శ్రావణీ నేనూ మధ్యాహ్నం దాకా వెతికాం. మీటర్ల కొద్దీ తెల్లటి బద్దె సన్నబడుతూ దారమైంది. దారం చివర తల ఉంది. మైక్రోస్కోపు కింద, పేగును పట్టుకునే నాలుగు చూషకాలు కనిపించాయి.

"కొక్కేల్లేవు ఆంటీ," అంది శ్రావణి. పొద్దున డబ్బాను ముక్కుకు దూరంగా పట్టుకున్న పిల్లే.

కొక్కేలు లేకపోతే గొడ్డుమాంసం రకం. తలతో సహా బయటపడింది. ఏ ప్రమోషన్‌కీ నేను అంత సంతోషించలేదు. సోమవారం ఆల్మాజ్ తిరిగి పొయ్యి ముందు నిలబడింది.

ఆ గింజలు మోతాదు తప్పితే హాని చేస్తాయి, ఎవరికీ సలహా ఇవ్వను. నేను నేర్చుకున్నది వేరు. నమూనాను తిప్పి పంపేముందు, అలా ఎందుకు తెచ్చారో అడగాలి. ఆ సాయంత్రమే నిబంధన మార్చాను: చికిత్స తర్వాత మొత్తం తేవాలి, డబ్బా ఏదైనా సరే. కింద 'ఆధారం' అనే గడిలో మామూలుగా పుస్తకం పేరు రాస్తాం. నేను 'రోగి తల్లి' అని రాశాను. రిటైరయ్యే నాటికీ దాన్ని ఎవరూ కొట్టేయలేదు.