బస్సు లిస్టులో నా పేరు

మా కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ఆ సీజన్‌లో వీడియో తీసింది నేను. ఈ సంగతి జట్టు ఫోటో కింద ఎక్కడా రాయలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అమెరికాలో, బెంటన్‌విల్‌కు కారులో రెండు గంటల దూరంలో, చిన్న ఊళ్లో చిన్న కాలేజీ. మాస్టర్స్ మొదటి సెమిస్టర్‌లో క్యాంపస్ ఉద్యోగం కోసం వెళితే, కెమెరా పట్టడం వచ్చా అని హెడ్ కోచ్ అడిగాడు. మా అక్క పెళ్లి మొత్తం నేనే తీశానని చెప్పాను. అది నిజం. ఆయన విని సంతోషించాడు కూడా. కాబట్టి తర్వాత జరిగినదానికి నన్నొక్కడినే తప్పుపట్టడం అన్యాయం.

మొదటి మ్యాచ్ సొంత మైదానంలోనే. నాకు వచ్చిన పద్ధతిలో తీశాను. బంతి ఎటు పోతే అటు, బంతి చివరి గీత దాటి టచ్‌డౌన్ రాగానే చేసినవాడి ముఖం, వెంటనే స్టాండ్స్‌లో కళ్లు తుడుచుకుంటున్న వాళ్లమ్మ. ఆదివారం జట్టంతా కూర్చుని ఆ వీడియో చూశారు. కోచ్ సరిగ్గా ఆ తల్లి ముఖం దగ్గర ఆపాడు.

“ఈవిడ ఏ పొజిషన్‌లో ఆడుతుంది?”

గదిలో యాభై మంది నవ్వారు. ఇద్దరు బల్ల కొట్టి మరీ నవ్వారు. వాళ్ల జెర్సీ నంబర్లు నాకిప్పటికీ గుర్తే.

కోచ్‌లకు కావలసింది బంతి కాదట. రెండు జట్ల ఇరవై ఇద్దరూ ఫ్రేమ్‌లో ఉండాలట. ఎవడు ఎక్కడ నిలబడ్డాడో, ఎవడు ఎవడిని వదిలేశాడో చూసుకుంటారు. ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా? చెప్పలేదు.

గురువారం లాకర్ రూమ్ తలుపు మీద బస్సు లిస్టు అంటించారు. బయట ఊరి మ్యాచ్‌కి ఎవరెవరు వెళ్తారో అందులో ఉంటుంది. నా పేరు మీద పెన్నుతో అడ్డంగా గీత. పక్కనే కోచ్ బావమరిది పేరు.

వరంగల్ నుంచి వచ్చిన రూమ్మేట్‌కు చెప్పుకుంటే జాలి కూడా చూపలేదు.

“మంచిగైంది మామా! మ్యాచ్‌ల తలంబ్రాలు ఎప్పుడు పోస్తరని చూసినవా ఏంది?”

“నవ్వకురా. ఆ బస్సు ఎక్కకుండా ఈ సీజన్ అయిపోనివ్వను.”

“ఎక్కి ఏం జేస్తవ్? బెంటన్‌విల్ పోదాం పా, మా దోస్తు బిర్యానీ వండుతుండు.”

“బిర్యానీ తింటా. బస్సూ ఎక్కుతా.”

ఆ తర్వాత ప్రతి సోమవారం కోచ్ గదికి వెళ్లి అడిగాను. సొంత మైదానంలో జరిగే మ్యాచ్‌లను మాత్రం విలేకరులు కూర్చునే ప్రెస్ బాక్స్ గది కప్పు మీద నిలబడి, ఇరవై ఇద్దరూ కనబడేలా తీశాను. బంతి వెంట కన్ను పోకుండా పట్టుకోవడం ఎంత కష్టమో క్రికెట్ చూసి పెరిగినవాడికే తెలుస్తుంది. కానీ బంతిని వదిలేశాక మిగతావాళ్లు కనబడటం మొదలైంది. మా వరసలో ఎడమ చివర ఒక భారీ మనిషి నిలబడతాడు. మావాళ్లు బంతి విసరబోతుంటే అతను కుడికాలు జానెడు వెనక్కి పెడుతున్నాడు. బంతి పట్టుకుని పరిగెత్తే ఆటైతే రెండు కాళ్లూ సమానంగా పెడుతున్నాడు. ప్రతిసారీ అంతే. మేం ఏం చేయబోతున్నామో ఎదుటివాళ్లకు ముందే తెలిసిపోతోంది. అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు.

సోమవారం ముందు బస్సు సంగతి అడిగి, కాదనిపించుకున్నాక ఇది చెప్పాను. కోచ్ టేపు వెనక్కి తిప్పి తిప్పి చూశాడు. థాంక్స్ అనలేదు. ఆ భారీ మనిషిని పిలిపించి, వారమంతా కాళ్లు సమానంగా పెట్టించాడు.

ఆ శనివారం గెలిచాం. నేను కప్పు మీద ఒక్కడినే గంతులేశాను.

ఇక మిగిలింది ఒక్క మ్యాచ్, అదీ బయట ఊళ్లో. గురువారం లిస్టులో నా పేరుంది. ఆటగాళ్ల తర్వాత, కోచ్‌ల తర్వాత, నీళ్ల డ్రమ్ములూ హెల్మెట్ పెట్టెలూ రాసిన సామాన్ల వరసలో, అన్నిటికన్నా కింద. కాగితం పీక్కుని కోచ్ దగ్గరికి వెళ్లాను.

“బస్సు ఎక్కుతావా, లిస్టు దిద్దమంటావా?” అన్నాడు.

“రెండూ.”

సీజన్ మొత్తంలో మొదటిసారి నన్ను చూసి హాయిగా నవ్వి, నా పేరు తీసి మనుషుల్లో రాశాడు.

ఆ మ్యాచ్ చివరి నిమిషంలో గెలిచాం. ఇరవై ఇద్దరూ ఫ్రేమ్‌లోనే ఉన్నారు. టేపులో నా అరుపులు కూడా ఉన్నాయి, అన్నీ తెలుగులోనే. వైర్లు చుట్టి, కెమెరా స్టాండు మడిచి కిందికి వచ్చేసరికి బస్సు స్టార్ట్ చేసి ఉంది. వదిలేసి పోతారనుకున్నాను. సోమవారం ఏమనాలో పరిగెత్తుతూనే సిద్ధం చేసుకున్నాను. చూస్తే ఆ భారీ మనిషి బస్సు మెట్ల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. డ్రైవర్ అరుస్తున్నాడు.

“మా వీడియో అతను రానిదే ఈ తలుపు పడదు,” అంటున్నాడు మెట్ల మీది మనిషి.

ఒక చేత్తో స్టాండునూ ఒక చేత్తో నన్నూ లోపలికి లాగాడు. కిటికీ సీటు ఇచ్చాడు. జట్టంతా సీట్లు బాదుతూ పాడుతోంది. నేను తెచ్చుకున్న పులిహోర డబ్బా మూడు వరసలు తిరిగి ఖాళీగా వచ్చింది. ఏసీ మాత్రం మరీ ఎక్కువ పెట్టారు. డ్రైవర్‌కి రెండుసార్లు చెప్పాను. మూడోసారి లేవబోతుంటే ఎవరో వెనక నుంచి జట్టు జాకెట్ నా మీద పడేశారు. మోకాళ్ల దాకా వచ్చింది. ఊరు చేరేదాకా తీయలేదు.