పేర్లు పిలిచిన ఫైలు

ఆ రోజు తప్పు నాదే. మా అమ్మ గొంతును నా చేత్తో నేనే చెరిపేశాను.

దయ్యాలనీ, అతీత శక్తులనీ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. నరసరావుపేటలో ఒక కోల్డ్ స్టోరేజి ఆఫీసులో పనిచేస్తాను. మిరపకాయ బస్తాల మధ్య చల్లటి చీకటి గదుల్లో ఒంటరిగా తిరగడం నాకు అలవాటే. ఇంకో మాట. మా అమ్మ బతికే ఉంది, మా ఇంట్లోనే ఉంది. కాబట్టి దీన్ని దయ్యం కథ అనడానికి కూడా లేదు.

అమ్మకు గొంతు క్యాన్సర్ వచ్చింది. స్వరపేటిక తీసేయక తప్పదన్నారు. ఆపరేషన్‌కు ముందు కొన్ని రోజులు నేను ఆమెను ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, మైకు పెట్టి మాట్లాడించాను.

“నా గొంతు ఈ డబ్బాలో దాస్తావంట్రా? పచ్చడి జాడీ అనుకున్నావా?” అని నవ్వింది.

జోలపాట పాడింది. గోంగూర ఎలా నిల్వ పెట్టాలో చెప్పింది. ఒక ఫైల్లో ఇంట్లో వాళ్ళందరినీ పేరుపేరునా పిలిచింది. నాన్న పోయి ఏళ్ళయింది. అయినా ఆయన్ను పేరుతో పిలవలేదు, “ఏమయ్యో” అంది. నన్ను “పెద్దోడా” అంది. మా చెల్లెల్ని పిలిచింది, మా ఆవిడ రమను పిలిచింది. రమ అప్పుడు గర్భవతి. “కడుపులో ఉన్నోళ్ళకి ఇంకా పేరు లేదుగా, ఎట్టా పిలిచేదిరా?” అని నవ్వింది. ఫైలు ఆ నవ్వుతో అయిపోతుంది. దాన్ని నేనూ రమా ఎన్నోసార్లు విన్నాం.

ఆపరేషన్ అయ్యాక పాప పుట్టింది. పూర్వాషాఢ రెండో పాదం, ‘ధా’ అక్షరం రావాలన్నారు పంతులుగారు. ధాత్రి అని పెట్టాం. మా వంశంలో ఆ పేరు ఎవరికీ లేదు. పాప పుట్టేదాకా మా నోట ఎప్పుడూ రాలేదు.

మా ఇంట్లో బిడ్డను ఊయల్లో వేసినప్పుడు నాయనమ్మ మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి. అమ్మ ఊయల మీదికి వంగింది. పెదవులు కదిలాయి, శబ్దం లేదు. రెండోసారి కదిలాయి. వచ్చినవాళ్ళంతా తలలు దించుకున్నారు. నాకు ఆ నిశ్శబ్దం భరించలేనిదిగా అనిపించింది. ఆమె మూడోసారి నోరు తెరవబోతుండగా నేనే గట్టిగా “ధాత్రీ” అని అరిచేశాను. అమ్మ నోరు మూసుకుని వెనక్కి జరిగింది.

గొంతు దగ్గర పెట్టుకుని మాట్లాడే చిన్న మిషన్ ఒకటి ఉంటుందనీ, వారం వారం గుంటూరు తీసుకొస్తే నేర్పిస్తామనీ డాక్టర్ చెప్పారు. నేను వాయిదా వేస్తూ వచ్చాను. ఆ మిషన్ మాట రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసినట్టుంటుంది. పదిమందిలో అమ్మ అలా మాట్లాడితే వినలేనని నా మనసులో ఉంది. పైకి మాత్రం, “అమ్మ గొంతు కంప్యూటర్లో ఉందిగా” అనేవాణ్ణి.

అమ్మ దాంతోనే సరిపెట్టుకుంది. మధ్యాహ్నం పాపను ఒళ్ళో వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చునేది. జోలపాట ఫైలు పెట్టేది. పాట స్పీకర్లోంచి వస్తుంటే ఆమె చెయ్యి పాపను జోకొట్టేది. పాప ఆ గొంతు వింటేనే నిద్రపోయేది.

మా కంప్యూటర్ పాతది. మాచర్లలో ఉండే మా బావ, అంటే చెల్లెలి భర్త, అందులో విండోస్ బదులు లినక్స్ వేసి ఇచ్చాడు. ఏదైనా చెడితే ఫోన్లో వెతికి, ఎవరో రాసిన పరిష్కారం చూసి నేనే సరిచేసుకునేవాణ్ణి. అదొక గర్వం నాకు. ముఖ్యమైనవన్నీ పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టమని రమ చాలాసార్లు చెప్పింది. రేపు చేద్దాంలే అన్నాను.

ఆ రోజు నేను భోజనానికి ఇంటికి వచ్చేసరికి పాప గుక్కపట్టి ఏడుస్తోంది. పొద్దున అప్‌డేట్ అయ్యాక కంప్యూటర్లో సౌండ్ రావడం లేదు. అమ్మ స్పీకర్ వైపు, తన గొంతు వైపు మార్చి మార్చి చూపిస్తోంది. ఆఫీసుకు మళ్ళీ త్వరగా వెళ్ళాలి. ఫోన్లో వెతికితే, సౌండ్ సెట్టింగులున్న ఫోల్డర్‌ను తీసేస్తే బాగవుతుందని ఒకరు రాశారు. దానికో కమాండ్ ఇచ్చారు. అందులో నా ఫైళ్ళన్నీ ఉండే ఫోల్డర్ గుర్తు, ఒక ఏటవాలు గీత, వెంటనే ఆ సెట్టింగుల ఫోల్డర్ పేరు ఉన్నాయి.

ఇక్కడ మా ఆఫీసు సంగతి చెప్పాలి. కోటప్పకొండ దేవుడి చలవ వల్ల మా చుట్టుపక్కల ఇంటికో కోటేశ్వరరావు. ఎవరి బస్తాలు ఎవరివో కలిసిపోకుండా మేము ముందు ఊరు కొడతాం, తర్వాత ఏటవాలు గీత, ఒక స్పేస్, ఆ తర్వాత పేరు. శావల్యాపురం, గీత, స్పేస్, కోటేశ్వరరావు. రాజుపాలెం, గీత, స్పేస్, కోటేశ్వరరావు. రోజంతా ఇదే. గీత పడితే నా వేలు దానంతటదే స్పేస్ కొడుతుంది.

ఆ కమాండ్‌లోనూ కొట్టింది. ఆ ఒక్క ఖాళీతో దాని అర్థం మారిపోయింది. సెట్టింగుల ఫోల్డర్‌తో పాటు, గీతకు ముందున్న నా ఫోల్డర్ మొత్తం తీసేయమని చెప్పినట్టయింది. ఎంటర్ కొట్టాను. కాసేపు ఏమీ కాలేదు. నిజంగానా అని కూడా కంప్యూటర్ అడగలేదు. తర్వాత తెర మీద ఫైళ్ళన్నీ మాయమయ్యాయి.

అమ్మ పక్కనే నిలబడి ఉంది. ఏమైందని కళ్ళతో అడిగింది. “కరెంటు హెచ్చుతగ్గులమ్మా, సాయంత్రానికి బాగవుద్ది” అన్నాను. ఆమె పెదవులతో ఏదో అంది. నాకు అర్థం కాలేదు. ఏమన్నావని అడగలేదు కూడా. ఎప్పుడూ అడిగేవాణ్ణి కాదు.

పెరట్లోకి వెళ్ళి బావకు ఫోన్ చేశాను.

“ఏంది బావా నువ్వు! అందరూ తలకాయ గోక్కున్నట్టు నువ్వు కమాండ్లు గోకుతావు” అన్నాడు. నా ఏడుపు వినబడ్డాక గొంతు తగ్గించాడు. “ముందు ప్లగ్గు పీకేయ్. ఇంక దాన్ని ముట్టుకోబాక. పోయినవాటి మీద కొత్తవి పడితే ఇంక దేవుడు కూడా తీయలేడు. పొద్దున్నే వస్తా.”

ఆ సాయంత్రం పాప ఏడుపు ఆగలేదు. రమ భుజాన వేసుకుని తిప్పింది. ఆమెకు నిజం చెప్పాను. పాపను ఇంకో భుజానికి మార్చుకుని లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. అమ్మ ప్లగ్గు పీకిన కంప్యూటర్ ముందే కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె ముందుకు వెళ్ళే ధైర్యం నాకు లేకపోయింది.

పొద్దున్నే బావ వచ్చి, డిస్కు మీద కొత్తగా ఏమీ పడకుండా, తన పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ ఆన్ చేశాడు. ముందు సౌండ్ చూశాడు. శబ్దం స్పీకర్లకు బదులు మానిటర్‌కు వెళ్తోంది. ఒక్క క్లిక్కుతో మార్చాడు. అంతే. నిన్న నేను చేయాల్సింది ఆ ఒక్క క్లిక్కే.

డిస్కులో చెరిగిపోయినవి వెతికే ప్రోగ్రాం పెట్టాడు. మధ్యాహ్నం దాటాక ఫైళ్ళు కొన్ని తేలాయి. పేర్లు లేవు, అంకెలే. ఒక్కొక్కటీ తెరిచాం. సగం చెడిపోయినవి, గరగరలు. జోలపాట దొరకలేదు. ఇంతవరకూ దొరకలేదు.

చివర్లో ఒకటి తెరవగానే “ఏమయ్యో” అని వినిపించింది. రమ పాపను ఎత్తుకుని పరుగెత్తుకొచ్చింది. అమ్మ కూడా వచ్చి నా వెనుక నిలబడింది. “పెద్దోడా”... చెల్లెలి పేరు... రమ పేరు... “కడుపులో ఉన్నోళ్ళకి ఇంకా పేరు లేదుగా, ఎట్టా పిలిచేదిరా?” నవ్వు.

ఫైలు అక్కడ ఆగాలి. ఆగలేదు. ఊపిరి పీల్చుకున్న శబ్దం వచ్చింది.

“ధాత్రీ.”

కొంచెం ఆగి, “ధాత్రీ.”

మళ్ళీ ఆగి, మెల్లగా, “ధాత్రమ్మా.”

అక్కడితో అయిపోయింది.

రమ నా భుజం పట్టుకుంది. బావ మళ్ళీ పెట్టాడు, మళ్ళీ అంతే. తెగిన ఫైళ్ళ ముక్కలు అతుక్కుని ఉంటాయన్నాడు. “గోంగూర సంగతి చెప్పినప్పుడు ‘రాత్రి’ అని ఉంటదిలే బావా.” కావచ్చనుకున్నాను. కానీ ‘ధా’ స్పష్టంగా ఉంది. రాత్రిని “రాత్రమ్మా” అని ఎవరు పిలుస్తారు? అచ్చం అమ్మ గొంతే ఉన్న మా చెల్లెలు ఆ కంప్యూటర్ ముట్టుకోలేదు. ఆ పేరు మా ఇంట్లోకి వచ్చేనాటికి అమ్మకు గొంతే లేదు.

అమ్మ ఒక్కతే ఆశ్చర్యపోలేదు. నా వైపు చూసి మూడు వేళ్ళు చూపించింది. మూడో వేలిని రెండో చేత్తో తట్టింది.

నాకు అర్థమైంది. ఊయల దగ్గర నేను ఆమెను అననివ్వని మూడో పిలుపు. కుర్చీలోంచి దిగి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. కరెంటు అని అబద్ధం చెప్పానని, చెరిపింది నేనేనని చెప్పాను. ఆమె పెదవులు కదిలాయి. ఈసారి అడిగాను. అర్థమయ్యేదాకా మళ్ళీ మళ్ళీ అడిగాను. “నిన్ననే తెల్సురా” అంటోంది.

ఆ ఫైలు కాపీలు ఇప్పుడు చెల్లెలి దగ్గర, బావ దగ్గర, రమ దగ్గర ఉన్నాయి. ఎవరు విన్నా ధాత్రి అనే అంటారు. అది అందులోకి ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఆ వారమే అమ్మను గుంటూరు తీసుకెళ్ళాను. వారం వారం వెళ్తున్నాం. మిషన్ గొంతుకు ఆనించుకుని ఆమె బస్టాండులో మొదటిసారి నాతో అన్న మాట, “ఏందిరా అట్టా చూస్తావు, బస్సు పోద్ది, ఎక్కు.” చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. చూడనిచ్చాను.

ఆ రేకు గొంతుకు పాప మొదట్లో జడుసుకుని ఏడ్చింది. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం అమ్మ ఊయల మీదికి వంగి మూడుసార్లు పిలుస్తుంది. నేను ఇంట్లో ఉంటే మాట్లాడకుండా పక్కన నిలబడతాను. రెండో పిలుపుకే ధాత్రి తల తిప్పేస్తుంది, కంప్యూటర్ వైపు కాదు, మా అమ్మ వైపు. అయినా అమ్మ మూడోది కూడా పిలుస్తుంది.