పథ్యం చెప్పని డాక్టరు

మా మేనత్త డాక్టర్లకు మార్కులు వేసేది పథ్యాన్ని బట్టే. ఎన్ని కూరలు మానమంటే అంత గొప్ప వైద్యుడు.

మా ఊళ్లో కొత్తగా క్లినిక్ పెట్టిన కుర్ర డాక్టరు ఆవిడ జ్వరం చూసి, "అన్నీ తినొచ్చండి" అన్నారు. ఆవిడ ముఖం పాలిపోయింది. ఇక బతకరనుకున్న వాళ్లకే అలా చెబుతారని ఆవిడకు తెలుసు.

"ఎస్టీడీ బూత్‌కెళ్లి రాజమండ్రిలో మా చెల్లికి ఫోన్ చెయ్యరా" అంది బయటికొచ్చి.

నేను లోపలికెళ్లి డాక్టరుగారికి సంగతి చెప్పాను. ఆయన ఆవిణ్ణి మళ్లీ పిలిపించి, గంభీరంగా వంకాయ మానేయమన్నారు. మర్నాటికి జ్వరం తగ్గింది. ఊళ్లో ఆయనకు పేరొచ్చింది.

కొన్నేళ్లకు అత్తయ్య మంచం పట్టింది. ఆయనే ఇంటికొచ్చి చూశారు.

"ఏం తినకూడదండీ?" అంది నీరసంగా.

"వంకాయ ముట్టుకోకండి."

అత్తయ్య నిశ్చింతగా కళ్లు మూసుకుంది. వీధి గుమ్మం దాటాక ఆయన నాతో మెల్లగా అన్నారు.

"ఏది అడిగితే అది పెట్టండి."