మూడు టికెట్ల పాయింట్లు

సారపాక కాగితం మిల్లులో ఫిట్టర్ చందూలాల్. పెట్రోల్ బంకులో తెలిసినవాళ్లు నోటు తీస్తే, "ఆగన్నా, నా కార్డు గీకుత, ఆ పైసలు నాకియ్యి" అంటాడు. సాయంత్రమే వాటితో కార్డు బిల్లు కట్టేస్తాడు. విమాన టికెట్లకు మార్చుకునే పాయింట్లు అతనికి మిగులుతాయి. "ఇమానం ఎప్పుడెక్కుతవ్ లాలూ?" అని తోటివాళ్లు ఆటపట్టిస్తే, నట్టు బిగించినంత నిదానంగా నవ్వుతాడు. అతని తల్లి హేమ్లి, పనికని ముంబయి వెళ్లి అక్కడే ఉండిపోయిన తన చెల్లెలిని చూసి పన్నెండేళ్లయింది. రాత్రంతా రైల్లో కూర్చోవడానికి ఆమె మోకాళ్లు ఒప్పుకోవు. విమానాశ్రయంలో చక్రాల కుర్చీ ఇస్తారని అతను ముందే కనుక్కున్నాడు.

మూడేళ్లకు మూడు టికెట్ల పాయింట్లు జమయ్యాయి. వాటిని వాడుకునే గడువు నెలాఖరు. ఆ వారమే మిక్సీ కాలిపోయింది. పాయింట్లతో మిక్సీ తీసుకుంటే ఒక టికెట్ తగ్గుతుంది.

"నేను ఆగిపోత. నువ్వు, యాడి పోయి రాండ్రి" అన్నాడు భార్య ప్రమీలతో. తల్లిని వాళ్లు యాడి అనే పిలుస్తారు.

ప్రమీల రోట్లో పచ్చడి నూరడం ఆపలేదు. "నా రోలు కాలిపోలే. మూడూ కొట్టు."

అతను మొదట తల్లి పేరు రాసి, మూడూ బుక్ చేశాడు.

"చెల్లెకు జొన్నరొట్టెలు తీస్కపోనిస్తరా?" అంది హేమ్లి.

"అవ్, తీస్కపోవచ్చు" అన్నాడు చందూలాల్.

"గట్లయితే పది ఎక్కువ చేస్త. పక్క సీట్లోళ్లకు పెట్టకుండ ఎట్ల తింటం?"