నైలాను వోణీ, కొమ్ము పిడి చాకు

వారం రోజులుగా మా మనవడు జేబులో పెట్టుకునే మడత చాకు ఒకటి కొనాలని ఫోనులో వెతుకుతున్నాడు. ఉక్కు ఏ రకమో, పిడి దేంతో చేశారో, తెరిచాక దానంతటది మూసుకోకుండా గడియ ఉందో లేదో అన్నీ బేరీజు వేసుకుని, ఒకటి నచ్చిందనుకునేసరికి దాన్ని తిట్టినవాళ్ళెవరో కనబడి, మళ్ళీ మొదటికొస్తున్నాడు. నిన్న సాయంత్రం విసుగెత్తి ఫోను నా ముందుకు జరిపి, వీటిలో నీకేది నచ్చింది నానమ్మా అన్నాడు. వేళాకోళానికే అడిగాడు పాపం. నేను మాత్రం కళ్ళజోడు తుడుచుకుని ఒక్కొక్కటే చూస్తూ పోయాను. చూస్తున్నది ఆ బొమ్మలనే అయినా మనసు ఎప్పుడో ప్రత్తిపాడు దారి పట్టింది.

నేను కాపురానికొచ్చిన కొత్తలో ప్రత్తిపాడు దగ్గర పల్లెలో, మా అత్తగారి ఊళ్ళోనే, చిన్న పిల్లల బడిలో టీచరుగా చేరాను. మావారు గుంటూరులో పొగాకు కంపెనీ గుమాస్తా కావటంతో సెలవు రోజుల్లోనే ఇంటికొచ్చేవారు. మామగారు నా పెళ్ళి నాటికే పోయారు. ఇంట్లో అత్తగారు, నేను, పదహారేళ్ళు నిండీ నిండని మా ఆడబిడ్డ, అంతే. పొలం సేద్యమంతా అత్తగారే చూసుకునేవారు. పత్తి చేను ఆ చివర నిలబడి ఆవిడ కేకేస్తే ఈ చివర కూలీలు నడుములు ఎత్తకుండా పని చేసేవాళ్ళు. కొత్త కోడలిని, నా సంగతి చెప్పాలా!

ఇక బడిలో నా పాట్లు పెన్సిళ్ళతో. మన కాలం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, గడ్డం గీసుకుని పారేసిన బ్లేడును సగానికి విరిచి దాంతోనే పెన్సిళ్ళు చెక్కేవాళ్ళం. పిల్లల చేతికి బ్లేడు ఇవ్వటానికి నాకు భయం, నేను చెక్కబోతే నా వేళ్ళే తెగేవి. ఒక చాకు కొనుక్కుంటానని ఇంట్లో అన్నాను. ఆడదాని సంచిలో చాకేమిటి అంటారని బెదురుతూనే అన్నాను గాని, అత్తగారు ఆ మాటే ఎత్తలేదు. కొనుక్కోమని, అయితే కొనేటప్పుడు తనూ పక్కనుంటానని మాత్రం అన్నారు. అలా ఒక సెలవు రోజున ముగ్గురం బస్సెక్కి గుంటూరు వెళ్ళాం.

ముందు బట్టల కొట్టుకు వెళ్ళాం. నైలాను కొత్తగా వస్తున్న రోజులవి. చిలకాకుపచ్చ నైలాను వోణీ ఒకటి చూడగానే మా ఆడబిడ్డ దాన్ని వదిలిపెట్టలేదు. నేనూ దాని వైపే మాట్లాడాను. అత్తగారు దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి, "ఇది గుడ్డా, ఉల్లిపొరా?" అన్నారు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరగటం చూసి చివరకు మెత్తబడ్డారు. మెత్తబడుతూనే నావైపు తిరిగి, "సరే, గుడ్డ మీ ఇద్దరి ఇష్టం. చాకు మాత్రం నా ఇష్టం," అని తేల్చేశారు.

పట్నం బజారులో ఒక సాయిబుగారి కొట్టు ఉండేది. కత్తెరలూ, అడకత్తెరలూ, మంగలి కత్తులూ గోడంతా వేలాడుతూ ఉండేవి. అత్తగారు కొడవళ్ళు అక్కడే కొనేవారు కాబట్టి ఆయన మర్యాదగా బల్ల వేసి, మడత చాకులన్నీ గోతం పట్టా మీద పరిచాడు. చేప ఆకారంలో ఇత్తడిది ఒకటి, రెండు చేతులూ పెట్టి కుస్తీ పడితే గాని తెరుచుకోని పెద్దది ఒకటి, పిడికి ముత్యపు చిప్ప తాపిన సన్నటిది ఒకటి. ఆ చిప్ప పిడి ఎండలో పెడితే గులాబీ రంగూ నీలమూ మెరిసేది. నాకు అదే కావాలనిపించింది. టీచరమ్మ చేతిలో అలాంటిదే అందంగా ఉంటుందని సాయిబుగారు కూడా అన్నాడు.

అత్తగారు కొట్లో ఉన్న కూజాలోని నీళ్ళతో చెయ్యి తడుపుకుని ఆ చాకు తెరవబోయారు. గోరు జారింది. ఇంకోసారి ప్రయత్నించి పక్కన పెట్టేశారు. మిగతావాటినీ అలాగే చూసి, నల్లటి గేదె కొమ్ము పిడి వేసిన మొద్దు చాకు ఒకటి ఎంచారు. అది తడి చేతికీ తెరుచుకుంది, పురికొస పెడితే ఒక్క లాగుకే తెగింది.

"అది చూసుకోటానికి బాగుంటుందమ్మాయ్. ఇది కోయటానికి బాగుంటుంది," అన్నారు నాతో.

నాకు ఏడుపొచ్చినంత పనయింది. తిరుగు బస్సులో కిటికీ బయటకు చూస్తూ కూర్చున్నాను. బడిలో వాడుతున్నా ఆ చాకును సంచి అడుగున చేతిరుమాలు కింద దాచేదాన్ని. పెన్సిళ్ళు మాత్రం అద్భుతంగా చెక్కేది. ఆ మాట ఇంట్లో ఒప్పుకునేదాన్ని కాదు.

ఆ ఏడు మిరపకాయలు కల్లాలకు చేరిన రోజుల్లో, రెండు ఊళ్ళ అవతల మా బంధువులు కొత్త ఇంట్లో పాలు పొంగిస్తుంటే బండి కట్టించుకుని వెళ్ళాం. భోజనాలయ్యాక మధ్యాహ్నం తిరుగు ప్రయాణమయ్యాం. బండి తోలుతున్నది మా పాలేరు. దారికి రెండు వైపులా ఎర్రగా ఆరబోసిన కాయలు, గాలి వీచినప్పుడల్లా ఘాటు. తుమ్ములు ఆగక మా ఆడబిడ్డ ఆ నైలాను వోణీని ముక్కూ నోరూ కలిపి మెడచుట్టూ చుట్టేసుకుంది. బండి పక్క కర్రలకు ఆనుకుని కూర్చుంది. మిగిలిన కొంగు కర్రల మీదుగా బయటకు జారింది. మేమెవ్వరం చూసుకోలేదు.

చక్రం ఆకుకర్రల్లోకి కొంగు ఎప్పుడు పోయిందో తెలియదు. ఉన్నట్టుండి పిల్ల తల బండి పక్కకు వాలిపోయి కర్రలకు కొట్టుకుంది. అరుపు కూడా రాలేదు. అత్తగారు ఆపరా అని అరిచారు. పాలేరు పగ్గాలు బిగబట్టి కిందికి దూకాడు. వోణీ ఇరుసు దగ్గర చుట్టుకుపోయి తాడులా బిగిసింది. బండిని వెనక్కి నెడితే వదులవుతుంది గాని చక్రం నల్లరేగడి గాడిలో దిగబడి ఉంది, బెదిరిన ఎడ్లు ముందుకే గుంజుతున్నాయి.

"ఎనక్కి రావటం లేదమ్మగోరూ!" అని వాడు ఏడుపుగొంతుతో అరుస్తున్నాడు.

అత్తగారు వోణీని రెండు చేతులా పట్టుకుని చింపబోయారు. నూలు గుడ్డయితే చిరిగేదే. అది సాగింది గాని చిరగలేదు. ఎన్నడూ దేనికీ జంకని మనిషి, కూతురి మొహం నల్లబడటం చూసి చేతులు ఆడక అలాగే నిలబడిపోయారు.

సంచి ఎప్పుడు బోర్లించానో నాకు గుర్తు లేదు. ఎడమచేతి వేళ్ళు రెండు పిల్ల చెవి వెనక గుడ్డ కిందికి దూర్చి ఉన్నాయి, వాటిని తీస్తే మళ్ళీ దూరవు. కుడి చేతిలో చాకు ఉంది. దాని బ్లేడును పళ్ళతో పట్టి తెరిచాను. వెన్ను మెడవైపు, పదును నావైపు పెట్టి లాగాను. ఒక లాగుకు సగం తెగింది, రెండో లాగుకు టప్పున తెగిపోయి పిల్ల నా ఒళ్ళో పడింది.

ఊపిరి రావటానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ముందు పెద్దగా ఒక ఈల లాంటి శబ్దం, తర్వాత దగ్గు, ఆ తర్వాత మిరపఘాటుకు వరసగా తుమ్ములు. ఆ తుమ్ములు విన్నప్పుడు నాకు కలిగినంత హాయి ఈ బతుకులో మళ్ళీ కలగలేదు. పిల్ల కళ్ళు తెరిచి, చేతిలోని వోణీ ముక్క చూసుకుని, బొంగురు గొంతుతో మొట్టమొదట అన్న మాట, "అయ్యో వదినా, కొత్త వోణీ కోసేశావా!"

అత్తగారు దారి పక్క గట్టు మీద చతికిలబడి నవ్వటం మొదలుపెట్టారు. నవ్వుతూనే ఏడ్చారు. పాలేరు ఎడ్ల మెడలు కావిలించుకుని ఏడ్చాడు. నేను చాకు మూయలేకపోతుంటే అత్తగారు లేచొచ్చి నా చేతిలోంచి తీసుకుని, పైటచెంగుతో తుడిచి, మడిచి, నా చేతిలోనే పెట్టి, రెండు చేతులతోనూ నా గుప్పిట మూసి కాసేపు అలాగే పట్టుకున్నారు. మిగిలిన దారంతా పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని, అది విసుక్కుంటున్నా వినక, మాటిమాటికీ దాని ముక్కు ముందు అరచెయ్యి పెట్టి ఊపిరి చూసుకుంటూనే ఉన్నారు. మెడ మీది వాత కొన్నాళ్ళు పసుపూ నూనే రాస్తే పోయింది.

ఆ తర్వాత చిప్ప పిడి మాట నేనెత్తలేదు. మరుసటేడు మావారు అలాంటిదే ఒకటి ముచ్చటపడి తెచ్చారు గాని, అది బీరువాలోనే ఉండేది. నా సంచిలో ఉండేది కొమ్ముపిడి చాకే. రిటైరయ్యే దాకా అదే నా వెంట ఉంది.

అత్తగారు ఇప్పుడు లేరు. ఆడబిడ్డ చిలకలూరిపేటలో కొడుకు దగ్గర ఉంటోంది. దాన్ని చూడటానికి ఈమధ్య కారులో వెళుతూ, డ్రైవరును పాత దారి మీదుగా పోనిమ్మన్నాను. తారు రోడ్డు, అద్దాలు బిగించిన బండి, లోపల చల్లగాలి. గాడీ లేదు, గట్టూ లేదు. ఒక్క తుమ్మయినా రాలేదు. ఆ చోటు ఇదేనా, కాదు అదేమో అని నేను తేల్చుకునేలోగానే కారు దాటిపోయింది. ఎడ్లబండిలో పోయినన్నాళ్ళూ ప్రతి మలుపు దగ్గరా ఏదో ఒకటి గుర్తుకొచ్చేంత వ్యవధి ఉండేది మనకు. మన ప్రాణాలు నిలబడ్డ చోట్లకు ఇవాళ ఒక దణ్ణం పెట్టుకుందామన్నా, చేతులు జోడించేసరికి అవి వెనకబడిపోతున్నాయి.